మగవాళ్ళ పరదా

ఈ రోజు సాయంత్రం పిల్లవాడికి మందు కొనడానికి అబిడ్స్ వెళ్ళాను. వాడికి నిన్నటి నుంచి ఒంట్లో నలతగా ఉంది. జ్వరం అనడానికి లేదు, కాదనడానికీ లేదు. మందుల దుకాణం మెట్ల మీద నిలబడి, వాణ్ణి ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ రోడ్డు వైపు చూశాను. కచేరీలు వదిలే వేళ. సైకిళ్ళ మీదా కాలినడకనా మగవాళ్ళు గుంపులు గుంపులుగా పోతున్నారు. అందరివీ ఉత్త తలలే. నూనె రాసి దువ్విన తలలు, పక్క పాపిడి తలలు, ఎండకు మెరిసే బట్టతలలు. నా పక్కన నిలబడ్డవాళ్ళకు అందులో వింతేమీ కనిపించి ఉండదు. నాకు మాత్రం ఊరు ఊరంతా తొందరలో ఏదో ఇంట్లో మరిచిపోయి బయటికి వచ్చినట్టు అనిపించింది.

ఇప్పుడు వాడు నిద్రపోతున్నాడు. ఆయన ఉద్యోగం పని మీద జిల్లాలు తిరుగుతున్నారు, వచ్చే వారం గానీ రారు. హిమాయత్‌నగర్‌లో మేము కిరాయికి ఉంటున్న ఈ వాటాలో, పక్కింటివాళ్ళ గోడ గడియారం చప్పుడు మా గదిలోదే అన్నంత దగ్గరగా వినిపిస్తుంది. ఇలాంటప్పుడు ఏదో ఒకటి చెయ్యకపోతే మనసు పిల్లవాడి చుట్టూ తిరిగి లేనిపోనివన్నీ ఊహిస్తుంది. అందుకే దీపం కొంచెం తగ్గించి మా నాయిన గురించి రాస్తున్నాను.

మా నాయినది రూమీ టోపీల దుకాణం. అబిడ్స్ పెద్ద రోడ్డు మీద కాదు, దాన్నుంచి నాంపల్లి వైపు తిరిగే సందు మొదట్లో. రూమీ టోపీ అంటే ముదురు ఎరుపు ఉన్ని టోపీ. బోర్లించిన చెంబులా ఉండి, పైన చదునుగా, నడినెత్తి నుంచి ఒక నల్ల పట్టు కుచ్చు వేలాడేది. నా చిన్నతనంలో షేర్వానీ తొడుక్కున్న ప్రతివాడి నెత్తి మీదా అదే. కచేరీ గుమాస్తా, బడిపంతులు, వకీలు, పెళ్ళికొడుకు, పెళ్ళికొడుకు తండ్రి, హిందువులు, ముస్లిములు, అందరూ. టోపీ లేకుండా నలుగురిలోకి రావడమంటే పైజామా లేకుండా రావడమంత పని.

ఆ టోపీకి ఒక జబ్బు ఉండేది. వానకు తడిసినా, చెమట పట్టినా, రైల్లో పక్కవాడు చూసుకోకుండా దాని మీద కూర్చున్నా నడుం విరిగినట్టు కూలబడేది. దాన్ని మళ్ళీ నిలబెట్టడం నాయిన పని. టోపీని తడిపి ఇత్తడి అచ్చుకు తొడిగి, పైన గంటలాంటి ఇంకో ఇత్తడి మూత బోర్లించి, కింద బొగ్గుల కుంపటి రాజేసేవాడు. కాసేపటికి ఆవిరి బుస్సుమని లేచేది. తడి ఉన్ని, కాలిన ఇత్తడి, బొగ్గు, మగవాళ్ళ తలనూనె, ఇవన్నీ కలిసిన ఆ వాసన దుకాణంలోనే కాదు, నాయిన చొక్కాల్లో, మా దుప్పట్లలో, నా పుస్తకాల్లో కూడా ఉండేది. మూత ఎత్తేసరికి టోపీ నిటారుగా, కొత్తగా ఉండేది. "నెత్తి ఎట్లున్నా ఫరక్ పడది, టోపీ నిలబడాలె" అని నాయిన దాన్ని చేతి మీద తిప్పి చూపించేవాడు.

ఆయన పుట్టింది భువనగిరిలో. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. మీసాలు రాకముందే పట్నం వచ్చి, ఉస్మాన్‌గంజ్‌లో ఉన్ని వ్యాపారి దగ్గర మూటలు కట్టాడు. తర్వాత పాతబస్తీలో ఒక ముసలి ఉస్తాద్ దగ్గర టోపీల పని నేర్చుకున్నాడు. సొంత అచ్చులు పోయించుకుని అబిడ్స్‌కు వచ్చేసరికి అందరూ నవ్వారట. అక్కడన్నీ గాజు అద్దాల దుకాణాలు, సీమ సామాను. ఆ మధ్య కుంపటి పెట్టుకుని టోపీలు ఆవిరి పడతానంటే నవ్వరా మరి. "అబిడ్స్‌ల తిరిగేటోనికే టోపీ వంకర పోతే సిగ్గయితది. చార్మినార్ కాడ ఎవడు చూడొచ్చిండు?" అన్నాడట నాయిన. ఆయన అంచనా తప్పలేదు. వానాకాలం వచ్చిందంటే మా సందులో టోపీలు చేత పట్టుకుని, నెత్తి మీద రుమాలు కప్పుకుని జనం నిలబడేవాళ్ళు.

నిజాం రాజ్యం పోయిన తర్వాత ఆ టోపీలు ఎంత తొందరగా మాయమయ్యాయో నేను చూడలేదు. అప్పటికి పెళ్ళయి రాయచూరులో ఉన్నాను. సెలవులకు వచ్చేసరికి దుకాణంలో అచ్చులు చల్లగా ఉన్నాయి. నాయిన మాత్రం అదే పీట మీద కూర్చుని, అదే ఎర్ర ఉన్నితో ఏదో కుడుతున్నాడు. చాయ కెటిల్ మీద కప్పే గలేబులు. వేడి చల్లారకుండా ఉంటుందట. "నెత్తులు పోతే ఏంది బిడ్డా, కెటిళ్ళున్నయ్ గద. వీటికి చెమట గూడ పట్టది" అన్నాడు. సికింద్రాబాద్ మిషన్ బళ్ళలో పనిచేసే పంతులమ్మలు వాటిని ముచ్చటపడి కొనుక్కునేవాళ్ళు. ఆ సంవత్సరమే, నా కడుపులో వీడు పడ్డ కొత్తల్లో, ఒక ఉదయం నాంపల్లి ఇంట్లో ఒక్కడే ఉండగా నాయినకు గుండెల్లో నొప్పి వచ్చింది. నాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది.

నేను రాయాలనుకున్నది అది కాదు. నాయిన ఇంకా నల్ల మీసాలతో ఉన్నప్పటి ఒక వానాకాలం సంగతి.

నాకు ఊహ తెలిసీ తెలియని రోజుల్లోనే అమ్మ పోయింది. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో. బండి కూత వేసినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమనేవి. వంట నాయినదే. జొన్నరొట్టె గుండ్రంగా రాకపోతే, టోపీల కత్తెర తెచ్చి అంచులు కత్తిరించి నా పళ్ళెంలో పెట్టేవాడు. కత్తిరించిన ముక్కలు తాను తినేవాడు. నాకు జడ కూడా ఆయనే వేసేవాడు. రిబ్బన్లు ఎప్పుడూ దొరికేవి కావు. అందుకని టోపీకి కుట్టే నల్ల పట్టు కుచ్చు జడ చివర కట్టి పంపేవాడు. బడిలో పిల్లలు వెనక నుంచి దాన్ని గుంజి "సలామ్ సర్కార్" అనేవాళ్ళు. ఇంటికొచ్చి ఏడిస్తే, "సలామ్ పెట్టిన్రు గద, తిట్టలేదు గద" అనేవాడు.

బడి వదిలాక పక్కింటి ముసలమ్మ నన్ను చూసుకునేది. ఆ సంవత్సరం ఆవిడ కొడుకు దగ్గరికి నిజామాబాద్ వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే, అమ్మ తద్దినానికి మా మేనత్త భువనగిరి నుంచి వచ్చింది. నాయిన అక్క. పొడుగ్గా, ఎముకలు బలంగా, మాట ఇంకా బలంగా ఉండే మనిషి. భోజనాలయ్యాక వాకిట్లో కూర్చుని వక్క కత్తిరిస్తూ మొదలుపెట్టింది. నేను తలుపు వెనక ఉన్నాను.

"తమ్మీ, నాకిద్దరు మొగపోరగాండ్లు. ఆడపిల్ల లేదాయె. దీన్ని నాకియ్యి, నేను సాకుత. నువ్వు మల్ల పెండ్లి జేస్కో. పిల్లను గూడ సూసిపెట్టిన."

"పెండ్లెందుకక్కా? రొట్టెలు కత్తిరించుడు నాకు అలవాటైంది."

"నగకు. ముసలామె పాయె. బడి ఇడిసినంక ఇది యాడుంటది?"

"దుకాణంల."

"మొగోళ్ళ దుకాణంల? గాడ టోపీలు తీసి నెత్తులు గోక్కుంట కూసుంటరు. ఆడపిల్ల కూసునే జాగనా అది?"

"నా గిరాకీలు మంచోళ్ళక్కా."

"మంచోళ్ళే. గని ఒక్కడు ఒద్దన్నడని నా చెవున పడాలె, ఆ దినమే వచ్చి తీస్కపోత. గప్పుడు నగుడు గిగుడు నడువది. ముందే చెప్తున్న."

నాయిన నవ్వు మధ్యలో ఆగిపోయింది. "సరే అక్కా" అన్నాడు. ఆమె పెంచిన తమ్ముడు. అంతకు మించి అనలేడు.

నేను అంతకుముందు భువనగిరికి పోయాను. అక్కడ నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. వెన్న వేసి అన్నం పెట్టారు. అయినా సాయంత్రమయ్యేసరికి గుట్ట నీడ ఇంటి మీద పడేది. అప్పుడు నాయిన అక్కడ లేడన్న సంగతి ఆ నీడతో పాటే వచ్చి నా పక్కన కూర్చునేది. మళ్ళీ అక్కడికి, అదీ ఎప్పటికీ! ఆ రోజు తలుపు వెనక నిలబడి, దుకాణంలో చెట్టులా కదలకుండా కూర్చుంటానని, ఏ గిరాకీకీ కోపం తెప్పించనని నాకు నేనే ఒట్టు వేసుకున్నాను.

నేను కదలకుండా కూర్చుంటే సరిపోతుందనుకున్నాను. మొదటి రోజే సంగతి తేలిపోయింది. నాయినకు ఎన్నాళ్ళుగానో తెలిసిన ఒక ముసలి వకీలు గారు వానలో తడిసి వచ్చారు. చెయ్యి టోపీ దాకా పోయింది. అప్పుడు మూలన పీట మీద కూర్చున్న నన్ను చూశారు. చెయ్యి అక్కడే ఆగింది.

"ఎవరయ్యా ఈ చిన్నమ్మ?"

"నా బిడ్డ, వకీల్ సాబ్."

"అట్లనా? మంచిది, మంచిది. చదువుకుంటున్నదా? మంచిది." ఆయన తడిసి కూలబడిన టోపీతోనే మెల్లగా మెట్లు దిగి వానలోకి వెళ్ళిపోయారు.

మగవాళ్ళు మగవాళ్ళ మధ్య టోపీ తీసి కూర్చోవడం వేరు. ఒకరి ఇంటి ఆడపిల్ల ముందు, అది ఎంత చిన్నదైనా సరే, ఉత్త తలతో కూర్చోవడం మర్యాద కాదు. అది ఆ పిల్లకు అవమానమో వాళ్ళకు అవమానమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. ఎవరూ కోపగించుకోలేదు. ఎవరూ కూర్చోనూ లేదు. వానాకాలం నడిమధ్యలో మా కుంపటి బూడిద కప్పుకుంది.

నాయిన ముందు ఒక ఉపాయం చేశాడు. తమ టోపీ తయారయ్యేదాకా పెట్టుకోవడానికి దుకాణం టోపీలు కొన్ని కొక్కేలకు తగిలించాడు. ఇంకొకడి చెమట మాకెందుకని ఎవరూ ముట్టలేదు. ఒక్క బడిపంతులు మాత్రం మొహమాటానికి పెట్టుకున్నాడు. అది జారి ముక్కు మీద ఆగింది. ఆయన దాన్ని తియ్యడానికి కూడా మొహమాటపడి, చీకట్లోనే చాయ తాగాడు.

మరునాడు నేను బడి నుంచి వచ్చేసరికి దుకాణం సగానికి అడ్డంగా నీలం రంగు మందపాటి పరదా వేలాడుతోంది. వెనక రెండు బెంచీలు, ఒక అద్దం, కూజాలో నీళ్ళు, తాటాకు విసనకర్రలు. వచ్చినవాడు నేరుగా పరదా వెనక్కి పోవాలి. అక్కడ టోపీ తీసి, పరదా కింది నుంచి బయటి చెక్క మీద పెట్టాలి. నేను దాన్ని తీసి, బురద దులిపి, బ్రష్ పెట్టి నాయినకు ఇవ్వాలి. పనయ్యాక మళ్ళీ కింది నుంచి లోపలికి జరపాలి. "ఇగ మీ నెత్తులు మీవి, నా బిడ్డ నాది. ఎవరికీ ఫికర్ లేదు" అని నాయిన సందులో నిలబడి అందరికీ చెప్పాడు.

పట్నమంతా నవ్వింది. పరదా అనేది ఆడవాళ్ళకు ఉండాలి గానీ, ఎనిమిదేళ్ళ పిల్ల దర్జాగా రోడ్డు ముందు కూర్చుంటే మీసాలున్న మగవాళ్ళు పరదా చాటున దాక్కోవడమేమిటని. ఇళ్ళలో ఆడవాళ్ళుండే జనానాలా ఉందని "మగ జనానా" అని పేరు పెట్టారు. కానీ నవ్వడానికి వచ్చినవాళ్ళే లోపలికి పోయి కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు ఒక పట్టాన లేచేవాళ్ళు కాదు. అప్పుడు నాకు తెలియదు గానీ, ఊళ్ళో ఒక మగవాడు నెత్తికి గాలి తగిలేలా, ఎవరికీ సలామ్ చెయ్యాల్సిన పని లేకుండా కూర్చోగల చోటు అదొక్కటే. టోపీ బాగానే ఉన్నా దాన్ని చేత్తో నలిపి తెచ్చేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

"సేటూ, మా ఇంట్ల గూడ గింత సుఖం లేదయ్యా" అని లోపలి నుంచి ఒక గొంతు.

"మీ ఇంట్ల పరదా మీ ఆడోళ్ళకున్నది. మీగ్గావాలె పరదా" అని వకీలు గారి గొంతు.

అందరూ ఘొల్లున నవ్వడం. ఇరానీ హోటల్ నుంచి చాయ వచ్చేది. గిన్నెలో సమోసాలు వచ్చేవి, వాటిలో ఒకటి పరదా కింది నుంచి నా చెక్క మీదికి కూడా జరిగి వచ్చేది. చెయ్యి తప్ప మనిషి కనిపించడు. చేతుల్ని బట్టీ, పరదా అంచు కింద కనిపించే బూట్లని బట్టీ నాకు అందరూ తెలుసు. వకీలు గారివి అద్దంలా మెరిసే నల్ల పంపు బూట్లు. బడిపంతులు గారి కుడి బూటు చిటికెన వేలి దగ్గర అతుకు.

ఒకసారి నాయిన చాయకు పోయినప్పుడు నేను కుంపట్లో మక్క కంకి కాల్చాను. మరునాడు వకీలు గారు వచ్చి పరదా వెనక నుంచి ఫిర్యాదు చేశారు. "ఏంది సేటూ, ఇయ్యాల జడ్జి సాబ్ నా దిక్కు జూసి ముక్కెగబీల్చుకుంట కూసున్నడు. నా టోపీల నుంచి మక్క కంకి వాసన వస్తున్నదట!"

ఒక్కడు ఒద్దన్నా చాలు అంది మేనత్త. నాయిన నా వైపు చూడకుండానే, "ఆకలి పుట్టి కేసు జల్ది ముగించిండా లేదా?" అన్నాడు.

"ముగించిండు."

"మరింకేంది?"

పరదా వెనక నవ్వులు. నేను మళ్ళీ బ్రష్ అందుకున్నాను. అప్పట్లో నా రోజులన్నీ అలాగే గడిచాయి. కొత్త బూట్లు కనిపిస్తే భయం, గొంతు పెంచితే భయం. సాయంత్రం దుకాణం మూస్తూ నాయిన తాళం వేస్తుంటే, ఈ రోజుకు అయిపోయింది, ఎవరూ ఏమీ అనలేదు అనుకునేదాన్ని. నాయినకు ఈ సంగతి చెప్పలేదు. తనూ నాతో చెప్పలేదు. ఇద్దరం ఒకే భయాన్ని చెరో చివర పట్టుకుని ఇంటికి నడిచేవాళ్ళం.

చివరికి సంగతి మేనత్త చెవిన వేసింది మా గిరాకీ ఎవరూ కాదు. భువనగిరి మనిషి ఒకాయన పెళ్ళికి కొత్త టోపీ కొనుక్కోవడానికి వచ్చాడు. పరదాను చూశాడు, నన్ను చూశాడు. "మీ అక్క మంచిగున్నది సేటూ" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. నాయిన ఆ సాయంత్రం రొట్టె అంచులు కత్తిరించడం మరిచిపోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం, వాన వెలిసిన వేళ, బడి నుంచి వస్తుంటే దుకాణం ముందు జట్కా ఆగి ఉంది. అందులో మా ఇంటి రేకు పెట్టె. నా బట్టలుండే పెట్టె. లోపల కుంపటి పక్కన పీట మీద మేనత్త కూర్చుని ఉంది. ఆమె చెప్పుల నిండా బురద.

పరదా కింద బూట్లున్నాయి. మెరిసే పంపులు, అతుకు బూటు, ఇంకా ఒకరిద్దరివి. వాళ్ళ టోపీలు అచ్చుల మీద ఉడుకుతున్నాయి. ఎదురుగా మర్యాదస్తురాలైన ఒక ఇల్లాలు కూర్చుని ఉంటే ఉత్త తలలతో బయటికి ఎలా వస్తారు? దగ్గడానికి కూడా భయపడి కూర్చున్నారు. మేనత్తకు ఆ సంగతి బాగా తెలుసు. పరదా వైపు తిరిగి అడిగింది.

"అయ్యా, లోపల గూసున్న పెద్దమనుషులూ! మీ ఇండ్లల్ల ఆడపిల్లను గిట్ల రోడ్డు మీద గూసోబెడ్తరా?"

లోపల వకీలు గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, పిల్ల రోడ్డు మీద లేదు. తండ్రి కాడ ఉన్నది. ఉత్త నెత్తితోని మమ్ముల ఎవరినీ ఆ పిల్ల చూడలేదు, పరదా ఎనక కూసున్నంక మేము ఆ పిల్లను చూడలేదు. ఇంతకన్న పద్ధతి ఏ ఇంట్ల ఉన్నది?"

"ఔ, మేమంత పరదాల ఉన్నం" అని బడిపంతులు సన్నగా కలిపాడు.

"వకీలా మీరు?"

"ఔనమ్మా."

"మాట బాగనే ఉన్నది. గని రేపు ఈ పిల్ల పెద్దమనిషైతది. గా దినం దీని పక్కన ఎవరు గూసుంటరు? మీరు గూసుంటరా? మా తమ్ముడు గూసుంటడా? తల్లి లేని పిల్లకు గప్పుడు ఏం చెప్పాల్నో టోపీలు చెప్తయా?"

ఆ మాటకు పరదా కింద బూట్లు కొంచెం వెనక్కి జరిగాయి. మేనత్త నా వైపు చెయ్యి చాచింది. "రా బిడ్డా. బండి టైమైతున్నది."

నేను నాయిన వైపు చూశాను. ఎప్పుడూ ఏదో ఒక మాటతో నవ్వించి గండం గట్టెక్కించే మనిషి. ఆ రోజు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తన టోపీ తీశాడు. దుకాణంలో ఆయన్ని ఉత్త తలతో నేనెన్నడూ చూడలేదు. వంగి, ఆ టోపీని మేనత్త పాదాల ముందు, ఆ తడి బురదలో పెట్టాడు.

"అక్కా, అమ్మ పోయినంక నన్ను సాకింది నువ్వే. నువ్వు తీస్కపోత అంటే ఒద్దన నాకు నోరు లేదు. గని దీన్ని తీస్కపోకక్కా. ఇది పోతే నేను ఈ కుంపటి ఎవరి కోసం ముట్టియ్యాలె?"

ఒక మగవాడు తన టోపీ తీసి ఇంకొకరి కాళ్ళ దగ్గర పెట్టాడంటే, ఇక తన దగ్గర ఏమీ మిగల్లేదని. దాని తర్వాత అడగడానికి మాటంటూ ఉండదు. ఆ రోజుల్లో అది అందరికీ తెలుసు. పరదా వెనక ఉన్నవాళ్ళకు తెలుసు, బయట జట్కావాడికి తెలుసు. తెలియనిది నా ఒక్కదానికే. నాకు కనిపించింది ఒకటే, టోపీ నేల మీద ఉంది, అంచు బురదలో తడుస్తోంది.

పుస్తకాల సంచి పక్కన పెట్టాను. టోపీ తీసి అంచును గుడ్డతో అద్దాను. బ్రష్ తీసుకుని, నాయిన నేర్పినట్టే ఉన్ని వాలు చూసుకుని మెల్లగా దువ్వాను. కుచ్చు విడదీసి సరిచేశాను. తీసుకెళ్ళి కొక్కేనికి తగిలించాను. తర్వాత మేనత్త వైపు తిరిగి, రోజూ గిరాకీలతో అనే మాటే అన్నాను.

"జర కూసోండి. ఇప్పుడే అయితది."

పరదా వెనక ఎవరో పెద్దగా ముక్కు చీదుకున్నారు. మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు వస్తోందనుకుని కూజా నీళ్ళు తేబోయాను. ఆమె నన్ను చెయ్యి పట్టుకుని ఆపి, నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఓరి తమ్మీ, బిడ్డను పెంచమంటే నౌకరును తయారు జేసినవు గదరా" అంది. "ఆ పెట్టె దింపుకో. జట్కా ఉండనీ, నేను పోత."

"అన్నం తిని పో అక్కా."

"ఒద్దు. నీ కత్తెర రొట్టెలు నేను తిన." మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగింది. "ఇది పెద్దమనిషైన దినం పోస్టాఫీసుకు పోయి తారు కొట్టు. ఎంత వానున్నా వస్త. గప్పుడు ఈ టోపీ గీపీ నా ముంగట పెట్టకు, నేను జూడ."

జట్కా సందు తిరిగాక లోపలి నుంచి బడిపంతులు గారి సన్నటి గొంతు వచ్చింది. "సేటూ, అమ్మగారు పోయిన్రా? నా టోపీ మాడుతున్నట్టున్నది."

నాయిన పరుగున పోయి మూత ఎత్తాడు. టోపీ అడుగంతా నల్లగా మాడిపోయింది. ఆయనకు కొత్త టోపీ ఇచ్చి పంపేసరికి పొద్దు గుంకింది.

ఇద్దరం నాంపల్లి వైపు నడిచాం. నాయిన నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంకో చేతిలో నా రేకు పెట్టె. ఎదురొచ్చినవాళ్ళు ఆయన్ని చూసి సలామ్ చెయ్యబోయి, ఎందుకో ఆగి, పక్కకు తప్పుకుంటున్నారు. కొందరు తలొంచుకుని పోతున్నారు. స్టేషన్ మలుపు దగ్గర పాన్ దుకాణం ఆయన దిగ్గున లేచి నిలబడ్డాడు.

"ఏమైంది సేటూ? ఎవరు పోయిన్రు?"

నాయినకు అర్థం కాలేదు. అప్పుడు చెయ్యి నెత్తి మీదికి పోయింది. టోపీ లేదు. నేను తగిలించిన కొక్కేనికే ఉండిపోయింది. నాంపల్లి రోడ్డు మీద ఉత్త తలతో నడిచే మనిషిని చూస్తే ఇంట్లో ఎవరో చనిపోయారనే అనుకుంటారు.

"ఎవరూ పోలే" అన్నాడు నాయిన. పట్టుకున్న నా చేతిని కొంచెం పైకెత్తి ఆయనకు చూపించాడు. "పోలేదు. ఉన్నది."

అక్కడి దీపం వెలుగులో నేను తలెత్తి చూశాను. నాయిన నడినెత్తి మీద జుట్టు పలచబడింది. చెవుల పైన తెల్ల వెంట్రుకలు. ఇంట్లో రోజూ చూస్తున్న నెత్తే, అయినా అలా ఉందని ఇన్నాళ్ళూ గమనించనే లేదు.

"నాయినా, నువ్వు ముసలోనివైనవా?"

"టోపీ వెట్టుకుంటే కాలేదు బిడ్డా" అన్నాడు నవ్వుతూ.

నేను నవ్వలేదు. నన్ను ఎవరో తీసుకుపోతారనే భయం ఆ మలుపు దగ్గరే పోయింది. దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. నన్ను కాకుండా ఆయన్నే తీసుకుపోతే? భువనగిరి బండి ఎక్కించడం కాదు అది. దానికి ఎవరి కాళ్ళ ముందు టోపీ పెట్టినా లాభం లేదు. ఇంటికి చేరేదాకా ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని నడిచాను. బరువైన పెట్టె ఒక చేత, నేను ఒక చేత, ఆయన కొంచెం పక్కకు ఒరిగి నడిచాడు. విడిపించుకోలేదు.

మేనత్త మాట నిలబెట్టుకుంది. టెలిగ్రాం అందిన రోజే వానలో తడుస్తూ వచ్చి, నా పక్కన కూర్చుని, చెప్పాల్సినవన్నీ చెప్పింది. టోపీ నేల మీద పెట్టడమంటే ఏమిటో కూడా అప్పుడే చెప్పింది. నాయిన నన్ను కాలేజీ దాకా చదివించాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నన్ను రాయచూరు బండి ఎక్కించిన రోజు మాత్రం ప్లాట్‌ఫారం మీద ఆయన పక్కన ఎవరూ లేరు.

ఆ సాయంత్రం మొదలైన భయం నన్ను విడిచిపెట్టలేదు. ఆయన పోయాక పోతుందనుకున్నాను. ఎక్కడికీ పోలేదు, ఇల్లు మారిందంతే. ఇప్పుడే వెళ్ళి వీడి నుదురు మీద చెయ్యి పెట్టి చూశాను. కొంచెం చెమట పట్టింది. వేడి తగ్గినట్టే ఉంది. నిద్రలోనే నా కుడి చేతి వేలు పట్టుకున్నాడు. కాగితాలు వాడి పక్కనే పెట్టుకున్నాను. విడిపించుకోకుండా, ఎడమ చేత్తోనే ఈ నాలుగు ముక్కలూ వంకరటింకరగా ముగిస్తున్నాను.